పాఠశాలకు వచ్చిన న్యాయపీఠము



“గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెను, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చెను” అని మన పల్లెలలో ఒక సామెత కలదు. ఈ సామెత పుట్టుటకు కారణములు లేకపోలేదు. కాని దానినే వేదవాక్యముగా నమ్మి, కోర్టన్నది మన పిల్లల కన్ను పడరాని చోటని మనము చేసికొన్న కట్టుబాటువలన కలిగిన నష్టమును నేను కన్నులార చూచితిని. కావున నేడు దానికి విపర్యయముగా, కోర్టే బడికి వచ్చి పిల్లల యెదుట వాదములు వినెడి యాచారమునుగూర్చి మీకు విన్నవింప దలచితిని. అట్టి యాచారము కొన్నిచోట్ల నిజముగా నున్నది. అది మన యర్రగొండపాలెమువంటి చోట్లకు తగునో తగదో మీరే విచారింపవలెను.

మొదట నా తప్పు చెప్పుకొందును. నేను తెలుగు పండితుడనై ముప్పదియేండ్లకు పైగా ఈ పడమటి మెట్టసీమ బడులలో పాఠములు చెప్పితిని. ఆ దినములలో నా శిష్యుని తండ్రి, రైతు, ఒకాయన యుండెను. ఆయనకును పొరుగుచేని యాసామికిని గట్టు విషయమై తగవు వచ్చెను. గట్టుమీద నొక చింతచెట్టు. చెట్టుతో కలిపి నేల ఇరువది సెంట్లకు మించదు. పొరుగు ఆసామి దావా వేసెను. నాలుగేండ్లు వాయిదాలు తిరిగిన పిమ్మట క్రిందికోర్టులో మన రైతు ఓడెను. తీర్పు నకలు చేతబట్టుకొని నాయొద్దకు వచ్చెను. అది ఆంగ్లమున నున్నది. నాకున్న కొద్దిపాటి పరిచయముతో ఒకటికి రెండుమారులు చదివి సారము తెలిపితిని. “సరే అయ్యవారూ, పైకోర్టు ఉండనే ఉంది గదా. మిరప కోతలు కానీండి, ఒంగోలు పోయి ఇంకో ఇద్దరు సాక్షుల్ని గట్టిగా నిలబెడతా” అనెను. “మంచిదే” అంటిని. ఆ యొక్క మాటయే నా తప్పు.

కోతలు ముగిసి, సరకు అమ్ముడై, ఆయన ఒంగోలు చేరునప్పటికి మూడు నెలలు గడచెను. ప్లీడరుగారు కాగితములు చూచి రెండు మాటలు చెప్పిరట. మొదటిది, అప్పీలు గడువు దాటిపోయినది. రెండవది, గడువు దాటకున్నను ఆ యిద్దరు సాక్షులను అచ్చట నిలువబెట్టుట సాధ్యము కాదు. ఆలస్యమును మన్నింపుమని అర్జీ పెట్టిరి గాని, మిరప కోతలు తగిన కారణముగా నిలువలేదు. గట్టు పోయెను, చెట్టు పోయెను, ఖర్చులకై చేసిన అప్పు మిగిలెను. ఆయన నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, మీరు చదివితిరి గదా, గడువు మాట అందులో లేదా?” అని అడిగెను. కోపముగా అడుగలేదు. కోపముగా అడిగియున్నచో నాకింత బాధ లేకపోవును. ఆ కాగితములో గడువు మాట లేదు. అది చట్టములో నున్నది. సంధులు సమాసములు వేలమందికి నేర్పిన నాకు ఆ చట్టము తెలియదు. తెలియదన్న సంగతియు అప్పటివరకు నాకు తెలియదు.

అయ్యా, అప్పీలనగా నేమి? మనలో పెక్కుమంది అది రెండవ కుస్తీపట్టని తలచెదరు. తొలిపట్టులో ఓడిన మల్లుడు మరల బలము కూర్చుకొని దిగినట్లు, క్రొత్త సాక్షులతో క్రొత్త కథతో మరల పోరాడవచ్చునని భావింతురు. అది పొరపాటు. పరీక్షలో తప్పిన బాలుడు తన జవాబు కాగితమును మరల దిద్దించుమని కోరుట మన బడులలో ఎరిగినదే. రెండవసారి దిద్దు పండితుడు బాలుని పిలిచి మరల వ్రాయుమనడు. ఆ వ్రాసిన కాగితమునే చూచును. మొదట దిద్దినవాడు న్యాయముగా దిద్దెనా, మార్కులు కూడుటలో తప్పెనా, ప్రశ్నను సరిగా గ్రహించెనా అని పరిశీలించును. అప్పీలు కోర్టు పని అట్టిదే. వాది దావా, ప్రతివాది జవాబు, సాక్షుల వాఙ్మూలములు, దస్తావేజులు, క్రిందికోర్టు తీర్పు, ఇవన్నియు రికార్డు రూపమున దాని ముందుండును. క్రొత్త సాక్ష్యమును మిక్కిలి అరుదుగా, చట్టము చెప్పిన ప్రత్యేక కారణములకే, అనుమతింతురు.

గడువు విషయము. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి, సివిలు తీర్పుమీద జిల్లాకోర్టునకు అప్పీలైనచో 30 దినములు, హైకోర్టునకైనచో 90 దినములు. తీర్పు నకలు పొందుటకు పట్టిన దినములు ఈ లెక్కలో చేరవు. కావుననే నకలునకు అర్జీ వెంటనే పెట్టుట మేలు. మొదటి అప్పీలులోను ఓడి హైకోర్టునకు రెండవ అప్పీలు చేయగోరువారికి ద్వారము మరింత ఇరుకు. 1976 సవరణ తరువాత ముఖ్యమైన న్యాయప్రశ్న యున్నప్పుడే అది విచారణకు వచ్చును. చింతచెట్టు ఎవరి తాత నాటెనన్న సంగతి అక్కడ మరల త్రవ్వరు.

ఈ యంతరువుల క్రమము మనకు క్రొత్తది కాదు. బంధువర్గమగు కులము, ఒక వృత్తివారగు శ్రేణి, ఒక యూరివారగు పూగము, రాజు నియమించిన యధికారులు, వీరిలో క్రిందివారికంటె పైవారు వ్యవహార నిర్ణయమున బలవంతులని యాజ్ఞవల్క్యుడు చెప్పియుండెను. క్రిందివారు చేసిన నిర్ణయముతో తృప్తి లేనిచో పైవారియొద్దకు పోవచ్చునని విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో విశదీకరించెను. పదుమూడవ శతాబ్దమున కేతన యా శాస్త్రమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అంతియ కాదు, సభయందు కూర్చుండి ధర్మము తెలిసియు పలుకనివాడు పాపభాగి యగునని మన స్మృతికర్తలు శాసించిరి. న్యాయము సభలో, పదిమంది కన్నుల యెదుట జరుగవలెననుట మన పూర్వుల మతము. మన చెంతనున్న త్రిపురాంతకమునకు పోయి చూడుడు. కాకతీయులనాటి దానశాసనములు దేవాలయమున రాళ్లపై చెక్కబడియున్నవి. ఎవరికేమి హక్కు కలిగెనో దారిన పోవువాడును చదువుకొనుటకే గదా వానిని రాతిమీద చెక్కించినది!

ఇక మన ప్రాంతపు చరిత్ర చూడుడు. మార్కాపురము, కంభము ప్రాంతములు 1858లో కడపజిల్లానుండి కర్నూలునకు మారినవి. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు మనకు జిల్లా పట్టణము కర్నూలే, నల్లమలకు అవ్వల. హైకోర్టు మద్రాసున నుండెను. ఆంధ్రరాష్ట్రము వచ్చిన పిమ్మట 1954 జులైలో గుంటూరునకు వచ్చెను. 1956 నవంబరులో హైదరాబాదునకు పోయెను. 2019 జనవరి 1వ తేదీనుండి అమరావతిలో నున్నది. చూచితిరా! పైకోర్టు ఊళ్లు మారినది గాని, మన పల్లెవాని కంటికి ఎన్నడును కనబడలేదు. కంటికి కనబడిన న్యాయాధికారి గ్రామ మునసబు ఒక్కడే. 1888 నాటి మద్రాసు గ్రామ న్యాయస్థానముల చట్టముక్రింద ఆయన చిన్న చిన్న దావాలు విచారించుట మన తాతలెరుగుదురు. ఆ విచారణలో లోపములుండవచ్చును, పక్షపాతము లుండవచ్చును. కాని విచారణ యన నేమో ఊరి పిల్లలకు తెలిసెడిది. 1984లో ఆ యుద్యోగములు రద్దయినవి. ఆ దృశ్యము పోయినది, దానికి బదులు మరియొకటి రాలేదు.

ఇట్టి లోటునే యెరిగి కాబోలు, అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొన్ని పైకోర్టులు ఒక యుపాయము చేసినవి. అచ్చట ఒక్కొక్క రాష్ట్రమునకు తన సొంత సుప్రీంకోర్టు కలదు. కొలరాడో రాష్ట్రములో 1986 మే 1వ తేదీన, వారు న్యాయదినమని జరుపుకొను పర్వమున, ఈ యాచారము మొదలయ్యెను. ఒహైయో రాష్ట్రములో 1987లో, వారి రాజ్యాంగము రచింపబడి రెండువందల యేండ్లు నిండిన సంవత్సరమున, ప్రధాన న్యాయమూర్తి థామస్ మోయరు కాలమున ప్రారంభించిరి. ఇండియానా రాష్ట్రపు అప్పీలుకోర్టు 2000 సంవత్సరమున ‘చక్రములమీది అప్పీళ్లు’ అను అర్థము వచ్చు పేరుతో బయలుదేరెను.

ఒహైయోలో జరుగు విధమును చెప్పెదను. అచ్చట సుప్రీంకోర్టున ఏడుగురు న్యాయమూర్తులు. సాధారణముగా ఏటికి రెండుమారులు వారు రాజధాని విడిచి ఏదో యొక కౌంటీకి, అనగా మన జిల్లావంటి దానికి, పోయి, తరచుగా ఉన్నత పాఠశాలలోనే పీఠము వేయుదురు. అది నాటకము కాదు సుమా! నిజమైన వ్యాజ్యములు, నిజమైన వకీళ్లు, తరువాత వెలువడునది నిజమైన తీర్పు. రాజధానిలో ఏ క్రమమో ఇచ్చటను అదే క్రమము. ఒక్కొక్క పక్షమునకు పావుగంట వాదించుటకు వ్యవధి. వ్యాజ్యముల సారాంశములు ముందుగానే బడులకు చేరును. ఆ యూరి వకీళ్లు ఉచితముగా వచ్చి, ఉపాధ్యాయులతో కూడి, పిల్లలకు పాఠము చెప్పుదురు. క్రింద ఏమి జరిగినది, ఎవరు అప్పీలు చేసిరి, ఏ ప్రశ్న తేలవలసియున్నది అని వివరింతురు. వాదములు ముగిసిన పిమ్మట, వాదించిన వకీళ్లే పిల్లల యెదుట కూర్చుండి ప్రశ్నలకు జవాబు లిత్తురు. న్యాయమూర్తులును పిల్లలతో మాటలాడుదురు గాని, విచారణలోనున్న వ్యాజ్యమునుగూర్చి మాత్రము నోరు విప్పరు. ఆ మౌనముకూడ పిల్లలకు ఒక పాఠమే.

క్రిందికోర్టును గాక పైకోర్టునే బడికి పిలుచుటలో నొక వివేకము కలదు. క్రిందికోర్టులో సాక్షి యుండును. ఆయన వణకును, తడబడును, ఒక్కొక్కప్పుడు కంటతడి పెట్టును. మూడువందలమంది పిల్లల యెదుట ఒక దుఃఖితుని నిలువబెట్టి ప్రశ్నించుట ధర్మము కాదు. అప్పీలులో సాక్షి లేడు. ఉన్నవి కాగితములు, యుక్తులు. ఒకడు ఒకటి చెప్పును, న్యాయమూర్తి యడ్డు ప్రశ్న వేయును, ఎదుటివాడు దానినే తిప్పి చెప్పును. మన తర్కశాస్త్రమున పూర్వపక్షము, సిద్ధాంతము అని నేర్చుకొన్నదానికి ఇంతకంటె సజీవమైన ఉదాహరణము దొరకదు. కేకలు వేయకుండ భేదించుట, ఎదుటివాని మాట పూర్తిగా విని జవాబిచ్చుట, ఓడినను సభకు నమస్కరించి పోవుట, ఇవి కక్షలు పెరిగిన పల్లెలలోని పిల్లలకు కావలసిన విద్యలు. ఏ పాఠ్యపుస్తకము వీనిని నేర్పగలదు?

ఆక్షేపణలు లేవా? కలవు. కోర్టునకు బడిలో పీఠము వేసినచో గౌరవము తగ్గునని కొందరందురు. సభకు గౌరవము స్తంభములవలన వచ్చునది కాదు, సభ్యులవలన వచ్చునది. లక్షలకొలది వ్యాజ్యములు పేరుకొనియుండగా ఈ విహారము లెందుకని మరికొందరు అడుగుదురు. ఆ మాటలో బలమున్నది. కాని అచ్చట జరుగునది విహారము కాదు, ఆనాడు వినవలసిన వ్యాజ్యములనే విందురు. మూడవ యాక్షేపణ అన్నిటికంటె గట్టిది. మన ఊరి బడిలో మన ఊరి వ్యాజ్యమే విన్నచో, ఆ గదిలో వాది కొడుకును ప్రతివాది కూతురును ఒకే బల్లమీద కూర్చుండియుందురు. తండ్రుల కక్ష పిల్లలకు ప్రాకును. కావున దూరపు జిల్లా వ్యాజ్యమునే యెన్నుకొనవలెను. స్త్రీల మానమునకు, పసిపిల్లలకు జరిగిన అపచారములకు, దంపతుల కలహములకు సంబంధించినవి ఎన్నడును తేరాదు. పిల్లలపై జరిగిన అకృత్యములను 2012 నాటి చట్టము రహస్య విచారణకే విధించినది.

నాలుగవది భాషయొక్క చిక్కు. రాజ్యాంగపు 348వ అధికరణమునుబట్టి హైకోర్టు వ్యవహారము, పార్లమెంటు వేరుగా శాసించువరకు, ఆంగ్లముననే సాగవలెను. రాష్ట్రపతి సమ్మతితో గవర్నరు రాష్ట్రభాషకు అనుమతి యీయవచ్చునని అందులోనే మినహాయింపు కలదు గాని, తీర్పులకు అది వర్తింపదు. మన పిల్లలకు ఆంగ్లవాదములు ఎంతమాత్ర మర్థమగును? నేనెరిగినంతలో దీనికి ఉపాయము, విచారణకు ముందే తెలుగున సారాంశము వ్రాసి పంచుటయు, జిల్లాకోర్టు వినెడి అప్పీళ్లతో మొదలిడుటయు.

చట్టము దీనికి ఒప్పునా యని మీరడుగవచ్చును. మన రాజ్యాంగపు 130వ అధికరణము సుప్రీంకోర్టు ఢిల్లీలోనే గాక, రాష్ట్రపతి యామోదముతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించిన ఇతర స్థలములందును కూర్చుండవచ్చునని చెప్పుచున్నది. మన హైకోర్టు విషయమున 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టపు 31వ విభాగము అదే విధముగా, గవర్నరు ఆమోదముతో, రాష్ట్రమున ఇతర స్థలములందు న్యాయమూర్తులు కూర్చుండుటకు అవకాశ మిచ్చినది. విచారణ బహిరంగముగా నుండవలెనను సూత్రమును 1966లో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల పీఠము నొక్కి చెప్పెను. 2008 నాటి గ్రామ న్యాయాలయముల చట్టము న్యాయాధికారియే పల్లెలకు తరలివచ్చి విచారించుటకు ఏర్పాటు చేసినది. అది క్రిందికోర్టు విషయము. అయినను కోర్టు కదలి రాగలదని మన చట్టమే ఒప్పుకొన్నట్లు గదా! కదలిక బడివైపు కూడ తిరుగవలెనన్నదే నా కోరిక.

అది జరుగువరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. ఒక న్యాయశాస్త్ర విద్యార్థి మున్నగువారు కోరగా, కోర్టు విచారణలను ప్రత్యక్ష ప్రసారము చేయుట తగునని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో నిర్ణయించెను. 2022 సెప్టెంబరునుండి రాజ్యాంగ పీఠముల విచారణలను ఎవరైనను ఇంటనుండియే చూచుటకు వీలయ్యెను. బడిలో ఒక తెర, ఒక తెలిసిన ఉపాధ్యాయుడు ఉన్నచో చాలును. కాని ముందు పాఠము చెప్పక తెర ముందు కూర్చుండబెట్టినచో ప్రయోజనము లేదు. అన్వయము తెలియనివానికి పద్యము వినిపించినట్లే యగును. మన కోర్టులయొద్ద న్యాయసేవా సంఘములున్నవి. 1987 నాటి న్యాయసేవల చట్టము 1995 నవంబరు 9వ తేదీన అమలునకు వచ్చినది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు నిచ్చినది. ఊరి బడికి వచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పుడని ఆ సంఘమువారిని పిలుచుటకు పెద్దలు ఒక యుత్తరము వ్రాసిన చాలును.

పెద్దలారా, నేను కోర్టులకు పొండని చెప్పుట లేదు. రచ్చబండమీద తెగు తగవు రచ్చబండమీదనే తెగుట మేలు. కాని పోక తప్పని దినము వచ్చినప్పుడు, మన బిడ్డ ఆ మెట్లను కన్నులు కట్టుకొని యెక్కరాదు. నా శిష్యుని తండ్రి యిప్పుడు లేరు. ఆ కుమారుడు సేద్యము చేసికొనుచున్నాడు. వాని కూతురు మన బడిలో తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఆ బిడ్డ యొకనాడు బడిలో కూర్చుండి, నల్లని యంగీలు ధరించినవారు ఒకరి మాట నొకరు ఓపికగా వినుట చూచి, “అయ్యవారూ, ఈ అప్పీలుకు గడువెంత?” అని అడుగవలెను. ఆనాడైనను ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల ఉపాధ్యాయు డొకడు అచ్చట నుండవలెను.